ఇరవై మూడో గడి

ఫాలున్‌లో ఇళ్ళు ఎర్రగా ఉంటాయి.
రాగి గని తవ్విపోసిన మట్టిలోంచే ఆ రంగు.
టీరా పెదనాన్న హాల్వర్
ముప్పై ఏళ్ళు ఆ రంగు పీపాల్లో నింపి
గోళ్ళ సందున ఎరుపుతోనే రిటైరయ్యాడు.

సాయంత్రాలు మాత్రం అతనివి.
బల్ల దీపం, భూతద్దం, చెక్కపెట్టె.
పెట్టెలో ఏనాటి రాణి కాలానివో రాగి నాణేలు,
చిన్న అప్పచ్చులంత.
ఒకవైపు మూడు కిరీటాలు, ఒకవైపు బాణాల జంట.
ఎన్ని చేతులు మారాయో,
వేయించిన కాఫీ గింజ రంగుకి తిరిగాయి.

టీరాకి తొమ్మిదేళ్ళప్పుడు
పెదనాన్న పుట్టినరోజు వచ్చింది.
కానుక కొనడానికి డబ్బుల్లేవు.
వంటింట్లో నిమ్మకాయ ఉంది, ఉప్పుంది.
చింతపండు ఎరగని ఊరు అది,
అయినా పులుపుకి రాగి లొంగుతుందని
పిల్లలకి ఎవరో ఒకరు చెప్పనే చెబుతారు.

తోమింది.
పాత టూత్‌బ్రష్ వెంట్రుకలు వంగిపోయేదాకా తోమింది.
నాణెం గులాబీ రంగులో,
అప్పుడే నీళ్ళు పోసిన పసిపిల్లలా.

హాల్వర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని
చాలాసేపు చూశాడు.
"అబ్బ, ఎంత తళతళలాడుతోందో" అన్నాడు.
తర్వాత కోటు వేసుకోకుండానే
మంచులోకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాడు.

తర్వాతి ఆదివారం పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

అంచు పట్టుకో. ముఖం మీద వేలు పెట్టకు,
అడక్కుండా ఎవరి ముఖమైనా ముట్టుకుంటామా?
నీ చెమటలోనూ ఉప్పే ఉంది.
మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్లో పడుకోబెట్టు.
రేపు నీళ్ళు మార్చు. ఎల్లుండి మళ్ళీ మార్చు.
ఊడేది ఊడుతుంది, ఊడనిది నీది కాదు.
జిడ్డయితే అసిటోన్,
అది పెద్దవాళ్ళ పని, కిటికీ తెరిచి, మంటకి దూరంగా.
తుడవకు. మెత్తటి గుడ్డతో అద్దు, అంతే.
పచ్చగా పొడి రాలుతుంటే అది రోగం,
ఆ ఒక్కదాన్నీ వేరే పెట్టెలో ఉంచు.
ఈ గోధుమరంగు ఉంది చూడు,
ఇది మురికి కాదు. చర్మం.

"మరి నేను తోమింది?"

"అదా... మళ్ళీ రంగు తిరుగుతుందిలే, నెమ్మదిగా.
నాకేం తొందర?"
అప్పటికి అతనికి అరవై ఆరు.

ఇప్పుడు టీరా పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది.
పగలంతా గార గీకే పని,
రాత్రి పూట ఏదీ గీకకుండా ఉండే పని.
పెట్టె ఆమెకే వచ్చింది.
తేమ పీల్చే పొట్లాలు ప్రతి శీతాకాలం మారుస్తుంది.
ప్లాస్టిక్ కవర్లు జిగురు కారుతున్నాయని తీసేసి
కాగితం కవర్లు వేసింది.

ఈ ఏడు మంచు బరువుకి ఇంటికప్పు కుంగింది.
స్టాక్‌హోం నుంచి వ్యాపారి వచ్చాడు,
సన్నటి వేళ్ళ మనిషి, అంచు పట్టుకోవడం తెలిసినవాడు.
ఒక్కొక్కటీ దీపం కింద వాల్చి చూశాడు, ధర రాశాడు.
ఇరవై మూడో గడి దగ్గర ఆగాడు.
"దీన్నెవరో పాడుచేశారండీ" అన్నాడు,
మరణవార్త చెప్పే గొంతుతో.
"లెక్కలోకి రాదు. కావాలంటే ఊరికే తీసుకెళతాను."

నాణెం కింద చీటీ.
మిగతా చీటీలన్నిటి మీదా ఏడాది, టంకశాల, బరువు, కొన్న ధర.
దీని మీద పెన్సిల్‌తో:
*నిమ్మరసం, ఉప్పు, టీరా.*

ఇరవై రెండు నాణేలు రాజధానికి వెళ్ళిపోయాయి.
కప్పు మీద కొత్త దూలాలు పడ్డాయి.

మిగిలినది ఇప్పుడు పలచటి టీ రంగులో ఉంది.
కిరీటాల మీద ఉప్పు గీసిన గీతలు
దీపం వాల్చితే ఇంకా కనిపిస్తాయి.
చేతి తొడుగులు తీసేసి
ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుంది,
నిమ్మకాయ వాసన ఏమైనా మిగిలిందేమోనని.

రాగి వాసనే వచ్చింది.
అది కూడా రాగిది కాదట, మన చేతిదేనట,
పెదనాన్న ఎప్పుడో చెప్పాడు.